నేలతాడి, తాలమూలి, ముసలి: ఒక యోషధి నిర్ణయము

మన నిఘంటువులలో నోషధుల పేళ్లకుఁ దఱచుగా దొరకెడి యర్థము "ఓషధివిశేషము", "ఒకానొక మొక్క", "గడ్డిభేదము" అనునంతమాత్రమే. కావ్యము చదువువానికి నీ యర్థము చాలవచ్చును. మందు కూర్చెడి వైద్యునకును, బాలురకు మొక్కను జూపి పేరు చెప్పవలసిన యుపాధ్యాయునకును నిది చాలదు. పేరు తెలిసి వస్తువు తెలియకుండుట యితరవిషయములందుఁ గొఱంత మాత్రమే. ఓషధుల విషయమున నది యపాయము. అట్టి సందేహమునకుఁ బాత్రములైన మొక్కలలో నేలతాడి యొకటి. ఈ వ్యాసమున దాని స్వరూపమును, వివిధభాషలలో దానికిఁ గల నామములను బరిశీలించి, తెలుఁగున నేలతాడి యనఁబడునదియు సంస్కృతనిఘంటువులలోని తాలమూలియు నొక్కటియే యనియు, తెలుఁగు పేరు సంస్కృతమునుండి భాషాంతరీకరింపఁబడినది కాదనియుఁ జూపఁ బ్రయత్నింతుము.

సందేహమునకు మూలము

కోటబొమ్మాళి శ్రీకాకుళమండలమున నరసన్నపేటకును టెక్కలికిని నడుమ, చెన్నై-హౌరా రైలుమార్గముమీఁద నున్న యూరు. ఒకవంక వంశధార, ఒకవంక తూర్పుకనుమల శాఖలు, ఒకవంక సముద్రము. వీని నడిమి సీమ యిది. 1936 ఏప్రిలు 1వ తేదీ వఱకు నిది గంజాముమండలములోనిది. ఒరిస్సారాష్ట్ర మేర్పడిన యా దినమున విశాఖపట్టణమండలమునఁ జేరినది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళమండలము వేఱుగా నేర్పడినపు డందుఁ గలిసినది. ఎల్లలు మాఱినను జనుల వాడుక మాఱలేదు. ఇచటఁ దెలుఁగును, ఓడ్రమును, కొండలలో సవరభాషయుఁ బ్రక్కప్రక్కనే వినవచ్చును. అందుచే నొక్క మొక్కకే పలుపేళ్లు వినఁబడుచుండును. తెలుఁగువాఁడు నేలతాడి యనును. ఓడ్రుఁడు తాలమూలి యనును. మూలికల యంగడిలో నల్లముసలి యందురు. సంస్కృతము చదివిన వైద్యుఁడు ముసలి యనును. నాలుగు పేళ్లు విన్నవాఁడు నాలుగు మొక్కలున్నవని తలఁచుట సహజమే.

దీనికిఁ దోడు మఱియొక చిక్కు గలదు. పూవు లేనికాలమున నీ మొక్క గడ్డిలోఁ గలిసిపోవును. "తాడిచెట్టేల యెక్కితివిరా యనఁగా దూడగడ్డికొఱ కన్నాఁడట" అను సామెతను మనము హాస్యమున కాడుకొందుము. తాడికిని గడ్డికిని బొత్తు లేదనుటయే దాని సారము. ఈ మొక్కయం దా రెండును గలిసినవి: చూపునకు గడ్డి, పేరునకుఁ దాడి. కావున మొక్కను ముందుగాఁ గన్నులారఁ జూచి, పిదపఁ బేళ్లను విచారించుట యుక్తము.

మొక్క స్వరూపము

నేలతాడి బహువార్షికము, అనఁగా నేఁటేఁట గింజనుండి పుట్టి చచ్చునది కాదు. దాని దుంప భూమిలో నిలిచియుండఁగా, ఎండకాలమునఁ బైయాకు లెండిపోయినను దొలకరి జల్లులు పడఁగానే క్రొత్తయాకులు లేచును. కాండము పైకిఁ గనఁబడదు. ఆకులన్నియు నేలనుండియే కుచ్చుగా వచ్చును. ఒక్కొక్క యాకు జేనెడు మొదలు మూరెడు వఱకుఁ బొడవు, వ్రేలెడు వెడల్పు కలిగి, రెండుకొనలయందు సన్నమై యుండును. ఈనెలు నిలువున సమాంతరముగా సాగును. వాని వెంబడి యాకు విసనకఱ్ఱవలె మడతలు పడియుండును. మీఁదఁ బలుచని పొడవాటి నూఁగు గలదు. ఈ మడతలును నూఁగును గడ్డిజాతులనుండి దీనిని వేఱుచేయు ప్రథమచిహ్నములు. ఆకుకొన యొక్కొక్కప్పుడు నేలకు వంగి తాఁకినచోట వేరూని క్రొత్తమొక్కయగును.

దుంప యడ్డముగాఁ బ్రాఁకక నిట్టనిలువుగా భూమిలోనికి దిగును. జేనెడు పొడవు వఱకుఁ బెరిగి, పైని నల్లని గోధుమవన్నెయు లోపలఁ దెలుపును గలిగియుండును. దాని చుట్టును గండగల వేళ్లు వెడలును. నమలినచో జిగురుగా నుండి, తొలుత నించుక తీపును, పిదపఁ జిఱుచేఁదును దోఁచును.

పూవు పసుపుపచ్చన, విప్పారినపు డాఱురేకుల చుక్కవలె నుండును. కేసరములును ఆఱే. ఈ పూవున వింత యేమనఁగా, దాని యండాశయము నేలలోపల, ఆకుల మొదళ్ల తొడుగులలో దాఁగియుండును. అండాశయముపైనుండి సన్నని నాళమువంటి ముక్కు పైకి సాగి, దాని కొనను బూవు నిలుచును. అందుచేఁ బూవు కాఁడలేక నేలపైఁ బెట్టినట్లు కనఁబడును. కాయయు నేలలోపలనే పండును. కాయ తుదనా ముక్కు నిలిచియుండును. లోపల నల్లని మెఱయు గింజలు కొలఁదిగా నుండును. గింజకును జిన్న ముక్కు కలదు. పచ్చని పూవు పైనుండఁగాఁ గాయ భూమిలోనుండుట గడ్డివంటి యాకులు గల మన యితరపుష్పజాతులలోఁ గానరాదు గావున, నిర్ణయమున కిదియే ముఖ్యలక్షణము.

ఈ మొక్క హిమవత్పాదములనుండి కన్యాకుమారి వఱకును, సింహళమునను, తూర్పున చీనా, జపాను, ఆస్ట్రేలియాల వఱకును వ్యాపించినది. చెట్లనీడను, కొండవాలులలోని గడ్డిబీళ్లయందును బెరుగును. నేఁటి వృక్షశాస్త్రమున దీనిపేరు కర్క్యులిగో ఆర్కియాయిడీస్. దీని కుటుంబము హైపాక్సిడేసీ. పూర్వము హూకరు ప్రభృతులు దీనిని అమరిల్లిడు కుటుంబమునఁ జేర్చిరి. గడ్డికుటుంబముతో దీనికిఁ జుట్టఱికము లేదు. ఏకదళబీజము లగుటయే రెంటికిని సామాన్యము.

తెలుఁగు పేరు

నేలతాడి, నేలతాటిగడ్డ యని రెండువిధముల వాడుక కలదు. వీనిని రెండు మొక్కలుగా నెన్నరాదు. తాడిశబ్దము సమాసమునఁ దాటి యగుట తాటిచెట్టు, తాటియాకు, తాటిముంజ మొదలగు పదములందుఁ బ్రసిద్ధమే. వ్యాకరణమెఱిఁగిన బాలునకును దెలిసిన యీ మార్పు మూలికల పట్టికలలో రెండుపేళ్లై, రెండు వస్తువులుగాఁ బరిణమించుట కలదు.

ఇఁక నేలశబ్దము. తెలుఁగువారు మొక్కలకుఁ బేళ్లుపెట్టుటలో నొక పద్ధతి నవలంబించిరి. పెద్దచెట్టునకు నాకుచేతనో, రుచిచేతనో, కాయచేతనో పోలికగల చిన్నమొక్క నేలనంటి పెరిగినచో, ఆ చెట్టుపేరునకు ముందు నేలశబ్దమును జేర్తురు. వేఁపవలెఁ జేఁదైనది నేలవేము. ఉసిరికవలెఁ జిన్నయాకులు వరుసగాఁ గలది నేలయుసిరిక. తంగేటి యాకు గలది నేలతంగేడు. గుమ్మడివంటి దుంప గలది నేలగుమ్మడి. ఈ పద్ధతిచొప్పున నేలతాడి యనఁగా నేలనంటిన తాడి. పేరుపెట్టినవాఁడు మొక్కను జూచియే పెట్టెనని దీనివలన స్పష్టము.

కాని తాటియాకు విసనకఱ్ఱవలె విరిసినది గదా, సన్నని యీ యాకున కా పోలిక యెట్లని యాక్షేపము రావచ్చును. పోలిక పెరిగిన తాడితోఁ గాదు, తాటిమొలకతో. తాటిటెంకలను బాతరవేసి తేఁగలు తీయుట యీ తీరమున నందఱు నెఱిఁగినదే. పాతర త్రవ్వక విడిచినచో మొలక పైకివచ్చి మొదటియాకును విడుచును. ఆ యాకు చీలక, ఒంటిరేకుగా, నిలువుమడతలతో నుండును. దాని ప్రక్క నేలతాడిని నిలిపినచో నూఁగుచేతఁ దప్ప గుర్తింపఁజాలము. మఱియుఁ దాటిమొలకక్రింద భూమిలో నిట్టనిలువుగాఁ దేఁగయుండును. నేలతాడిక్రింద నటులే నిట్టనిలువుగా దుంపయుండును. పైని నాకు, క్రింద గడ్డ, రెండును గలిసిన పోలిక యిది. తాళ్లు విస్తారముగాఁ గల సీమలో, తేఁగలు త్రవ్విన చేతులు పెట్టిన పేరిది యని చెప్పవచ్చును.

సోదరభాషల సాక్ష్యము

ఈ పేరు తెలుఁగునకే పరిమితము కాదు. తమిళమున నిలప్పనై, మలయాళమున నిలప్పన, కన్నడమున నెలతాళె యందురు. పనై, పన, తాళె యనునవి తాడికిఁ బేళ్లు. నిల, నెల యనునవి నేల. కొచ్చిలోని డచ్చి పరిపాలకుఁడు హెండ్రిక్ వాన్ రీడు కేరళవైద్యుల సాయమునఁ గూర్చి 1678 మొదలు 1693 వఱకుఁ బ్రకటింపించిన హోర్టస్ మలబారికస్ అను 12 సంపుటముల గ్రంథమున, కడపటి సంపుటమునందు నీ మొక్క మలయాళనామముతోనే చిత్రింపఁబడినది. ఆర్యభాషయగు సింహళమునందును దీనిపేరు హీన్‌బింతల్. బిం యనఁగా నేల, తల్ యనఁగాఁ దాడి. నాలుగు ద్రావిడభాషలును, వాని పొరుగుననున్న సింహళమును నొకేభావమును దమతమ పదములతోఁ జెప్పుచున్నవి. కన్నడపు నెలతాళెలోని నెలను మనము చంద్రవాచకమని పొరపడరాదు. అది నేలకు హ్రస్వరూపము.

సంస్కృత నిఘంటువులు

అమరసింహుఁడు వనౌషధివర్గమున ముసలి, తాలమూలిక యను పేళ్ల నొకచోఁ బెట్టెను. వానికి ముందుగనే గోధాపది, సువహ యను రెండు పేళ్లు గలవు. ఈ నాలుగు నొక మొక్కవా, రెండేసి చొప్పున రెండు మొక్కలవా యని సందేహము. గోధాపది యనఁగా నుడుముపాదమువంటిది. ఆకు వ్రేళ్లవలెఁ జీలినదని యర్థము. అది తీఁగజాతి మొక్కగా నాధునికులు నిర్ణయించిరి. చీలిక లేని యాకుగల ముసలి కా పేరు తగదు. కావున రెండేసిగా విభజించుటయే వస్తుస్వభావమున కనుగుణము.

రాజనిఘంటుకర్తయగు నరహరిపండితుఁడు ముసలీపర్యాయములలో గోధాపదిని, సువహను గూడఁ జేర్చి, నాలుగు నొకటిగానే గ్రహించెను. ముసలీశబ్దమునకు బల్లి యను నర్థమును సంస్కృతమున నున్నది. గోధాపదిలో నుడుమున్నది. ఈ జంతునామముల సామీప్యమును రెంటిని గలుపుటకుఁ దోడ్పడియుండవచ్చును. అయినను నరహరి చేర్చిన మఱిమూఁడు పేళ్లు మనకు మిగుల విలువైనవి: హేమపుష్పి, దీర్ఘకందిక, భూతాలి. బంగారువన్నె పూవు, పొడవైన కందము, నేలతాడి యను పోలిక. ఈ మూఁడును గలిసిన మొక్క పైని వర్ణించినది దప్ప వేఱొకటి గానరాదు. భావమిశ్రుఁడు భావప్రకాశమునఁ దాలమూలినే విద్వాంసులు ముసలి యందురని చెప్పి, తీపు, చేఁదు రసములును, ఉష్ణవీర్యమును, బృంహణగుణమును, రసాయనత్వమును బేర్కొని, అర్శస్సునకును వాతమునకును హితమని వ్రాసెను. నమలినపుడు దెలియు రుచి దీనికి సరిపోవుచున్నది.

తాలమూలి యను సమాసమును దాలముయొక్క మూలమువంటి మూలము గలది యని విప్పుట వాడుక. తాటిచెట్టు వేళ్లు చీపురుపుల్లలవలె సన్ననివి. దుంపకు వానితోఁ బోలిక లేదు. తాలమూల మనఁగాఁ దేఁగ యని గ్రహించినచో సమాసార్థము చక్కఁగాఁ గుదురును. తేఁగను జూచినవానికిఁ గాని యీ విగ్రహవాక్యము రుచింపదు.

ఏ పేరు మొదటిది?

నేలవేమునకు భూనింబము, నేలయుసిరికకు భూమ్యామలకి, నేలగుమ్మడికి భూమికూష్మాండము సంస్కృతమునఁ గలవు గావున, నేలతాడియు భూతాలికిఁ దెలుఁగుసేఁత యని చెప్పవచ్చునా? చెప్పరాదని మా యభిప్రాయము. దీనికిఁ గారణములు మూఁడు.

ఒకటి: అమరకోశమున భూతాలి లేదు. ప్రాచీనమైన యా నిఘంటువున నున్నవి ముసలియుఁ దాలమూలికయు మాత్రమే. రెండును దుంపను బట్టి వచ్చినవి. భూతాలి తరువాతి కాలపు రాజనిఘంటువునఁ గనఁబడుచున్నది.

రెండు: ఉత్తరదేశపు వాడుకలో వ్యాపించినవి ముసలి, తాలమూలి శబ్దములే. హిందీలోఁ గాలీముస్లీ, వంగమునను ఓడ్రమునను దాలమూలి. నేల యను భావము గల పేరు దక్షిణభాషలలోను సింహళమునను నెడతెగక యున్నది. సంస్కృతమునుండియే యా భావము దిగియున్నచో నుత్తరమునఁ గూడఁ గొంత నిలువవలసియుండును.

మూఁడు: నరహరి తన గ్రంథారంభమున నోషధులను గర్ణాట, మహారాష్ట్రభాషలచే విశదపఱచితిననియు, ఆంధ్రలాటాదిభాషలలో వాని నాధారముగాఁ దెలిసికొనవలెననియుఁ జెప్పుకొనెను. కన్నడపుఁ బేళ్ల నాధారము చేసికొన్నవానికి నెలతాళె తెలియుటలో వింతలేదు. నెలతాళె నక్షరశః సంస్కృతీకరించినచో భూతాలి యగును.

కావున నేలతాడినుండి భూతాలియే కాని, భూతాలినుండి నేలతాడి కాదని తోఁచుచున్నది. సంస్కృతనిఘంటుకారుఁడు దేశ్యనామమును మన్నించి తన భాషలోనికి గ్రహించిన తీరున కిది యొక యుదాహరణము. దేశ్యపదములను బామరములని విడుచు నలవాటు గలవా రీ విషయమును గమనింతురు గాక.

ముసలిశబ్దమును గూర్చి

సంస్కృతమున ముసలము రోకలి. దుంప రోకలివలె నిట్టనిలువుగా, గుండ్రముగా నుండుటచే ముసలి యైనది. ఇది తెలుఁగున వృద్ధవాచకమగు ముసలికి సంబంధించినది కాదు. ఈ మందు రసాయన మగుటచే ముసలితనమును బోఁగొట్టును, కావున నా పేరు వచ్చెనని చెప్పు వ్యుత్పత్తి వినుట కింపుగానే యుండును. కాని సంస్కృతపదమునకుఁ దెలుఁగర్థమును దగిలించుట శాస్త్రము కాదు. పాఠశాలలలో నీ భేదమును బోధించుట యవసరము.

పాశ్చాత్యులును జీనావారును

జర్మనీ వృక్షశాస్త్రజ్ఞుఁడు జోసెఫ్ గేర్ట్‌నరు 1788లో ఫలములను బీజములను గూర్చి ప్రకటించిన గ్రంథమున నీ మొక్కకు శాస్త్రనామము నొసఁగెను. లాటినునఁ గర్క్యులియో యనఁగా ముక్కుపురుగు, అనఁగా ధాన్యమును దొలుచు ముక్కుగల పురుగు. గేర్ట్‌నరు ఫలపరీక్షకుఁడు గావున నతని దృష్టి ముక్కుమీఁదఁ బడినది.

దీనిని మన తీరముతో ముడివేసినవాఁడు విలియము రాక్స్‌బర్గు. స్కాట్లండుదేశపు వైద్యుఁడగు నీతఁడు 1776లో మద్రాసునఁ గంపెనీ కొలువునఁ జేరి, 1781 మొదలు సామర్లకోటలో నుండి యచట మొక్కలతోఁటను బెంచెను. లిన్నెయసు శిష్యుఁడగు కోనిగు 1785లో కాకినాడచెంత జగన్నాథపురమున మరణించెను. తరువాతఁ గంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుఁ డగు పాట్రికు రస్సెలు విశాఖపట్టణమున నుండి, 1789లో స్వదేశమున కేఁగెను. పిదప నా పని రాక్స్‌బర్గునకు లభించెను. ఈతఁడు మనదేశపు చిత్రకారులచే మొక్కలను జిత్రింపించి, వానితోఁ దెలుఁగు పేళ్లను గూడ వ్రాసికొనుచుండెడివాఁడు. సర్ జోసెఫ్ బ్యాంక్సు పర్యవేక్షణమున లండనులో 1795 మొదలు వెలువడిన కోరమాండలుతీరపు మొక్కలు అను గ్రంథమున 300 చిత్రములు గలవు. మొదటి సంపుటమునఁ బదుమూఁడవ చిత్రము మన నేలతాడియే. 1793లో నీతఁడు కలకత్తా తోఁటకుఁ బోయెను గాని, యతని గ్రంథములలోఁ బలుమొక్కలకు జన్మస్థానముగా సర్కారులే పేర్కొనఁబడినవి. ఆ యుత్తరసర్కారులలో నుత్తరపుది శ్రీకాకుళపు సర్కారు. కోటబొమ్మాళి సీమ దానిలోనిదే.

తరువాత నుత్తరసర్కారుల కమిషనరుగా నుండిన సర్ వాల్టరు ఎలియటు 1859లో మద్రాసునఁ బ్రకటించిన ఫ్లోరా ఆంధ్రికా తెలుఁగు పేళ్లను బట్టి మొక్కల నెఱుఁగుటకుఁ గూర్పఁబడినది. గేంబులు ప్రారంభింపఁగా ఫిషరు ముగించిన మద్రాసు రాజధాని వృక్షజాల గ్రంథము 1915-1936 సంవత్సరముల నడుమ వెలువడినది. శ్రీకాకుళమండలపు వృక్షజాలమునకే 1986లో వేఱుగా గ్రంథ మేర్పడినది. వస్తువు నెఱుఁగుటకు నేఁడు సాధనములు కొఱఁత లేవు. వానిని మన నిఘంటువులతోఁ గలుపు పనియే మిగిలియున్నది.

చీనావా రీ మొక్కను సియన్మావో యందురు. మావో యనఁగా దర్భవంటి గడ్డి. దివ్యుల గడ్డి యని భావము. వారి వైద్యగ్రంథములు మఱియొక విశేషమును జెప్పుచున్నవి: పశ్చిమమునుండి వచ్చిన బ్రాహ్మణసన్న్యాసి యొకఁడు తాంగువంశపు చక్రవర్తి షువాన్‌జాంగునకు నీ మందు యోగమును సమర్పించెననియు, అందుచే లోకమున దీనికి బ్రాహ్మణుల జిన్సెంగను పేరు వచ్చెననియు. ఆ సమర్పణము క్రీస్తుశకము 713లో జరిగినట్లు వారి లెక్క. మొక్క చీనాలోను సహజముగా నున్నను, దాని మందుగుణము భారతీయులవలనఁ దెలిసెనని వారే యొప్పుకొనుట గమనింపఁదగినది.

ఇట్లు ద్రావిడుఁ డాకును మొలకతోఁ బోల్చెను. సంస్కృతజ్ఞుఁడు దుంపను జూచెను. చీనావాఁ డాకున గడ్డిని జూచెను. జర్మనీవాఁడు కాయముక్కును జూచెను. ఒకరి నొక రెఱుఁగని సాక్షులు వేఱువేఱవయవములను జెప్పఁగా, అవి యన్నియు నొక్కదానియందే కలియుచున్నవి. నిర్ణయమునకు నింతకంటె బలమగు ప్రమాణ మేమి కావలయును?

తెల్లముసలియు నితరభ్రాంతులును

ముసలి రెండువిధములని రాజనిఘంటువు చెప్పుచున్నది: తెల్లనిది, మఱియొకటి. తెల్లనిది స్వల్పగుణమనియు, రెండవదియే రసాయనమనియు నందలి మాట. నేఁటి యంగళ్లలోఁ దెల్లముసలికే వెల యెక్కువ. వెలను జూచి గుణమును నిర్ణయించువారికి నిఘంటువు ప్రతికూలమే. తెల్లముసలి పేర నమ్మఁబడునవి క్లోరోఫైటము జాతులు. వానిలోఁ బ్రసిద్ధమగు క్లోరోఫైటము బోరివిలియానము ఇరువదవ శతాబ్దమునఁ గాని శాస్త్రమునఁ బేరందలేదు. కొన్నిచోట్లఁ బిల్లిపీఁచర జాతిలోని ఒకదాని వేళ్లును నా పేరనే చెల్లుచున్నవి. క్లోరోఫైటమునకు నాకులు పట్టెలవలె నున్నను, పూలు తెల్లనివి. పొడవైన కాఁడపై వరుసగాఁ బూయును. క్రింద నొక్క దుంపకాక గుత్తిగా వేరుగడ్డ లుండును. పూవును జూచినవాఁడు పొరపడఁడు.

కొండలలోని హైపాక్సిస్ ఆరియా నేలతాడికి దగ్గఱచుట్టము, పూవు పచ్చనిదే. కాని దాని పూవు కాఁడమీఁద లేచును; కాయ నేలపైననే యుండును. చిట్టీత మొలకకును మడతయాకు గలదు. అది బిరుసై, పొడవాటి నూఁగు లేక యుండును.

అన్నిటికంటె జాగ్రత్త పడవలసినది ఇఫిజీనియా ఇండికా. అదియు వానకాలమున గడ్డిబీళ్లలో సన్నని గడ్డియాకులతో లేచు చిన్నమొక్క. భూమిలోఁ జిన్నగడ్డ గలది. దానియందుఁ గాల్చిసిను అను విషద్రవ్య మున్నది. నాభిదుంపలోని విషమును నిదియే. దాని పూవు నేఱేడువన్నె. ఆకులు నేలనుండి కుచ్చుగాఁగాక కాఁడమీఁద నొకటొకటిగా నుండును. గడ్డ పొట్టిగా నుండును గాని రోకలివలె దిగదు. గడ్డియాకును, క్రింద దుంపను మాత్రమే చూచి త్రవ్వినవానికి మందునకు మాఱుగా విషము దొరకును. "ఓషధివిశేషము" అను నర్థము చాలదని మొదటఁ జెప్పిన మాటకు నిదియే తాత్పర్యము. మూలికను బూచినకాలముననే గుర్తించి, గుఱుతుపెట్టుకొని, పిదపఁ ద్రవ్వవలయును.

త్రవ్వుటను గూర్చియు నొకమాట. దుంపయే మందు గావున, త్రవ్విన ప్రతిమొక్కయు నశించును. కాని దుంప పైతలను మొగ్గతోఁ గోసి మరల నాటినచో మొలచును. తలను నాటి తక్కినదానిని గొనిపోవుట కొండవాలు బోసిపోకుండ నొక యుపాయము. పాఠశాలతోఁటలలో నొకమూల దీనిని బెంచుట సులభము. బాలురకు నేలలోపలి కాయను జూపుటకు నింతకంటె మంచి పాఠము లేదు.

ఫలితము

నిఘంటువులలో నిఁకమీఁద నేలతాడికి నిట్లర్థము వ్రాయుట తగును: "దే. వి. తాటిమొలకవంటి మడతయాకులును, నేలనంటిన పసుపుపచ్చని పూవును, భూమిలోనుండు కాయయు, నిలువుగా దిగిన నల్లని దుంపయుఁ గల బహువార్షికపు మొక్క, తాలమూలి, ముసలి, భూతాలి, నల్లముసలి." ముసలిశబ్దముక్రిందఁ దెల్లముసలి వేఱని సూచింపవలయును.

ఒక మొక్క విషయమున నింత విచారము పనికివచ్చెనేని, తక్కిన నేలశబ్దపూర్వకములను గూడ నిట్లే పరిశీలింపవచ్చును. శ్రీకాకుళప్రాంతమునఁ బుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలనడుమఁ దిరిగి, వారి నోటి మాటలను వినియే 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. ఆ మార్గమున మన యుపాధ్యాయులును, పండితులును దమతమ గ్రామములలోఁ దెలుఁగు, ఓడ్ర, సవరనామములను సేకరింతురు గాక. పేరును వ్రాసికొనునపుడు చెప్పినవానిచేతనే మొక్కను జూపించుకొని, పూవుతో, కాయతో, దుంపతోఁ గూడ నెండఁబెట్టి భద్రపఱుపవలయును. మొక్క లేని పేరు నిఘంటువునకు భారము. పేరు లేని మొక్క యడవికిఁ బరిమితము. రెంటిని గలిపిననాఁడే మన యోషధినామములు మరల నుపయోగమునకు వచ్చును.